చచ్చిపోని మేనత్త

నాయనమ్మ చచ్చిపోయిందని ఆరేళ్ళ పిల్లకు అబద్ధం చెప్పారు. చెప్పమన్నది డైరెక్టరు. చెప్పింది కన్నతండ్రి. చెప్పిన చోటు, ఒక పెద్ద షెడ్డు లోపల అట్టలతో, చెక్కలతో కట్టిన రైల్వే ప్లాట్‌ఫాం.

సినిమాలో ఆ పిల్ల జనంలో తప్పిపోయి బెంచీ మీద కూర్చుని ఏడవాలి. పొద్దున్నించీ ఎంత బతిమాలినా ఏడవలేదు. కళ్ళలో గ్లిజరిన్ వేశారు. మండి కళ్ళు గట్టిగా మూసుకుందే తప్ప ఏడవలేదు. మేకప్ మనిషి తొడ మీద గిల్లాడు. ఆటనుకుని నవ్వింది. డైరెక్టరు విసిగిపోయి తండ్రిని పక్కకు పిలిచి చెవిలో ఏదో ఊదాడు. తండ్రి క్షణం కూడా ఆలోచించలేదు. వెళ్ళి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తల నిమిరాడు. "తల్లీ, నాయనమ్మ ఇక లేదమ్మా. ఇప్పుడే కబురొచ్చింది" అన్నాడు. అన్నం తినిపించేది, పక్కలో వేసుకునేది, జడ వేసేది అంతా నాయనమ్మే ఆ పిల్లకు. కెమెరా అప్పటికే తిరుగుతోంది.

ఆ ఏడుపు చూసి షెడ్డంతా చప్పట్లు కొట్టింది. తర్వాత చేతిలో ఐస్‌క్రీం పెట్టి, "ఉత్తినే అన్నాంలే, పిచ్చిదానా!" అన్నారు. పిల్ల దాన్ని నాకలేదు. కరిగి మోచేతి దాకా కారేదాకా అలాగే పట్టుకుని నిలబడింది. డైరెక్టరు తండ్రి భుజం తట్టి, "నాకంటే గొప్ప డైరెక్టరువయ్యా నువ్వు!" అన్నాడట. ఆ ముక్కను తండ్రి నేటికీ చెప్పుకుంటాడు. బస్సులో పక్కన కూర్చున్నవాడికి, మందుల షాపులో చిల్లర ఇచ్చేవాడికి, ఎవరు దొరికితే వాళ్ళకు. వినేవాళ్ళు పగలబడి నవ్వుతారు. అసలు రోత పుట్టించేది ఆ నవ్వే.

సినిమా ఆడింది. గోడల నిండా ఆ పిల్ల ఏడుపు మొహం అంటించారు. ఆ రోజు నుంచి ఆమె 'ఏడుపు పాప' అయింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు బడి హాజరుకు తప్ప దేనికీ పనికి రాలేదు.

మరుసటి ఏడాది నాయనమ్మ నిజంగానే పోయింది. తండ్రి వచ్చి చెబితే పిల్ల ఆయన మొహం కేసి చూసింది. తర్వాత ఆయన వెనక్కి తొంగి చూసింది. "కెమెరా ఎక్కడ పెట్టారు?" అని అడిగింది. శవం పక్కన కూర్చోబెట్టినా కంటి చుక్క రాలలేదు. నాయనమ్మ కాలి బొటనవేలు పట్టుకుని మెల్లగా కదుపుతూ, ఎవరో ఒకరు వచ్చి 'ఉత్తినే' అంటారని ఎదురు చూస్తూ కూర్చుంది. వచ్చిన చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. "సినిమాలో బిందెలకొద్దీ కారుస్తుంది, సొంత నాయనమ్మకు ఒక్క చుక్క రాల్చలేదు చూడు!" అని చెవులు కొరుక్కున్నారు.

ఇవన్నీ ఆ పిల్ల తమ్ముడు అమ్మ నోట విన్నాడు. అక్కకూ అతనికీ పదేళ్ళ తేడా. అతను కళ్ళారా చూసింది చివరి కొసరు మాత్రమే. పొడుగు పెరగడం ఆ ఇంట్లో ఒక జబ్బు. తమ్ముడు వేలెడంత పెరిగితే పండగ చేసుకునే తండ్రి, కూతురు గౌను పొట్టిదైతే జ్వరం వచ్చినట్టు పడుకునేవాడు. ఆమె కంచంలో రెండోసారి వడ్డించబోతే అమ్మ చేయి పట్టుకుని ఆపేవాడు. అంతకు ముందు పాలపళ్ళ గొడవ. పన్ను ఊగుతోందంటే ఆయన గుండెల్లో రాయి పడేది. ఒక సినిమా సగంలో ముందు పన్ను ఊడితే, ఎవరో పళ్ళ డాక్టరు చేత దాన్నే అతికించి మిగతా సగం లాగించారు. పిల్ల నెల రోజులు జావ తాగి బతికింది. ఇన్ని చేసినా ఆమె పెరిగింది. గొంతు మారింది, పిలుపులు ఆగిపోయాయి. తండ్రి ఆమెను విరిగిన పాలను చూసినట్టు చూడడం మొదలుపెట్టాడు. ఆయన వేరే ఉద్యోగం ఎన్నడూ చేయలేదు. ఏడుపు పాప తండ్రి కావడమే ఆయన ఉద్యోగం. కూతురు ఎదిగి ఆ ఉద్యోగం ఊడగొట్టింది. ఆ కోపం ఆయనకు చల్లారలేదు.

అక్క ఇప్పుడు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. ఎక్కువగా ఆడవాళ్ళకు. ఆ కారులో ఆమె కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. "అద్దం చూశాను మేడం" అని ఎవరైనా అంటే ఊరుకోదు. "చూశావు సరే. ఏం కనబడింది?" అంటుంది. కనబడింది చెప్పేదాకా బండి కదలనివ్వదు. పొట్టి జుట్టు, పెద్ద గొంతు, డాష్‌బోర్డులో ఎప్పుడూ ఒక పల్లీల పొట్లం. అయినా నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ తల్లి ఎవరో ఒకరు కారు కిటికీలోంచి తల దూర్చి, "నువ్వు ఆ ఏడుపు పాపవి కదూ! ఏదీ, ఒక్కసారి ఆ ఏడుపు..." అంటారు. ఒకప్పుడు సంబంధం మాట్లాడడానికి వచ్చినవాడు కూడా అదే అడిగాడు. అక్క అతనికి మంచినీళ్ళిచ్చి, గుమ్మంలో అతని చెప్పులు చూపించి పంపేసింది.

తమ్ముడు లిఫ్టులు బాగు చేస్తాడు. అతనికి భార్య, ఒక కూతురు. కూతురికి ఐదేళ్ళు. పిట్ట అంటారు. బడి లేని ఒక రోజు దాన్ని వెంట తీసుకుని పనికి వెళ్ళాడు. ఏదో అపార్టుమెంటులో లిఫ్టు మధ్యలో ఆగిపోయి లోపల ఒకడు కేకలు వేస్తున్నాడు. తమ్ముడు తలుపు విరగదీసి అతన్ని బయటికి లాగాడు. మెట్ల మీద పనిముట్ల సంచీ పక్కన కూర్చున్న పిట్ట, చెమటతో తడిసి పాకుతూ వచ్చిన ఆ పెద్దమనిషిని చూసి కిలకిలా నవ్వింది. ప్రాణం కుదుటపడగానే అతను చేసిన మొదటి పని, పిల్ల గడ్డం పట్టుకుని మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూడడం. టీవీ సీరియల్‌కి అసిస్టెంట్ డైరెక్టరట. సంతలో మేకపిల్ల పళ్ళు చూసేవాడికీ అతనికీ తేడా ఏమీ లేదు. కానీ తమ్ముడికి అప్పుడు ఆ సంగతి తట్టలేదు. గర్వంగా నవ్వాడు కూడా.

ఇంట్లో భార్య ఎగిరి గంతేసింది. బట్టల షాపులో పొద్దస్తమానం నిలబడి కాళ్ళు వాచిపోయే మనిషి. "నా కూతుర్ని నలుగురూ చూస్తే తప్పేంటండీ?" అంది. ఇక తండ్రి సంగతి చెప్పక్కర్లేదు. పాత ఉద్యోగం తిరిగి వచ్చినట్టు గడ్డం గీయించుకుని, చొక్కాలు ఇస్త్రీ చేయించుకున్నాడు.

అక్క ఒక్కటే అడిగింది. "అది ఏడవకపోతే ఏం చేస్తార్రా?"

"నేను పక్కనే ఉంటాగా అక్కా. ఒక్క అబద్ధం కూడా చెప్పనివ్వను. నా మీద ఒట్టు."

ఆ ఒట్టును అతను నిలబెట్టుకున్నాడు. అబద్ధం ఎవరూ చెప్పలేదు. అంతకంటే తెలివైన దారి తండ్రి కనిపెట్టాడు.

నెలలోపే పిట్ట కొత్త విద్య నేర్చుకుంది. రమ్మంటే కన్నీళ్ళు వచ్చేవి. ఇంటికి ఎవరొచ్చినా తాతయ్య, "ఏదీ, మన మేజిక్ చూపించు" అనేవాడు. పిల్ల ఒకసారి కళ్ళు మూసి తెరిచేది, బొటబొటా నీళ్ళు కారేవి. అందరితో పాటు తమ్ముడూ చప్పట్లు కొట్టేవాడు. లిఫ్టు ఆగితే ఏ తీగ తెగిందో పైదాకా ఎక్కి వెతికే మనిషి, తన కూతురి కన్నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఒక్కసారీ అడగలేదు.

ఒక సెలవు రోజు పిట్ట మేనత్త ఇంట్లో ఉంది. తమ్ముడు తీసుకెళ్ళడానికి వచ్చేసరికి ఇద్దరూ నేల మీద కూర్చుని పల్లీలు ఒలుచుకుంటున్నారు.

"అత్తా, నీకో మేజిక్ చూపించనా?" అంది పిట్ట. "ఏ కంట్లోంచి కావాలి? ఇదా, ఇదా?"

అక్క చేతిలో పల్లీ అలాగే ఉండిపోయింది. పిట్ట సమాధానం కోసం చూడలేదు. కళ్ళు మూసి తెరిచి, అత్త మొహంలోకే తదేకంగా చూసింది. ఎడమ కంట్లోంచి ఒక చుక్క జారింది. తర్వాత, ప్రశ్నపత్రం పూర్తి చేసిన పిల్లలా నవ్వింది.

"ఎలా చేశావే?" అంది అక్క.

"నువ్వు చచ్చిపోయావనుకున్నా. నిన్ను తెల్లగుడ్డలో చుట్టేశారనుకున్నా. తాతయ్య నేర్పించాడు. నీతో అయితేనే తొందరగా వస్తుంది."

తమ్ముడు గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. అక్క మాత్రం పల్లీ నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది. పిట్టను దగ్గరికి లాక్కుని దాని చెయ్యి తీసి తన మెడ మీద పెట్టుకుంది.

"ఇక్కడ చూడు. కొట్టుకుంటోందా?"

"ఊఁ."

"మరి?"

పిట్ట వేళ్ళు ముడుచుకుంది. "చక్కిలిగిలి పెడుతోంది" అంది.

ఆ సాయంత్రమే అక్క తండ్రి ఇంట్లో అడుగు పెట్టింది. చాలా కాలానికి. ఆయన కుర్చీలో కాళ్ళు చాపుకుని గోళ్ళు తీసుకుంటున్నాడు.

"నేను అబద్ధం చెప్పలేదే! మనసులో అనుకోమన్నాను, అంతే. అనుకున్నంత మాత్రాన పోతావా?"

"నేనే ఎందుకు నాన్నా? మీరు లేరూ?"

"ముందు నాతోనే మొదలుపెట్టాం" అన్నాడాయన నొచ్చుకుంటూ. "నేను చచ్చిపోయాననుకోమంటే నవ్వుతోంది, ముదనష్టపుది."

తమ్ముడు వద్దన్నాడు, మానేద్దామన్నాడు. భార్య ఏడ్చింది. తండ్రి మాట ఇచ్చేశామన్నాడు. అసిస్టెంట్ డైరెక్టరు ఫోనులో గొంతు పెంచి మాట్లాడాడు. తమ్ముడు మెత్తటి మనిషి. నలుగురూ నాలుగు వైపులా లాగితే ఎటు ఎక్కువ నొప్పో అటు ఒరిగిపోతాడు. "ఈ ఒక్క ఏడుపు సీనూ అయిపోనీ" అన్నాడు చివరికి. అక్క వాదించలేదు. "సరే. నేనూ వస్తా" అంది.

సెట్లో ఆసుపత్రి వరండా వేశారు. గాజు తలుపు అవతల మంచం మీద సీరియల్ తల్లి చనిపోతూ ఉంటుంది. పిల్ల తలుపు ఇవతల నిలబడి చూస్తూ ఏడవాలి. లైట్ల కింద పిట్ట మొహం ఉడికిన గుడ్డులా మెరుస్తోంది. గౌను వెనక హుక్కులు ఎక్కువని, మాటిమాటికీ విప్పడం కుదరదని, పొద్దున్నించీ దానికి గుక్కెడు నీళ్ళు కూడా పట్టలేదు. పిల్లల మంచిచెడ్డలు చూడడానికి సెట్లో ఒకావిడ ఉండి తీరాలని రూలు. ఉంది. మూల కుర్చీలో చెప్పులు విడిచి, ఫోనులో కుక్కపిల్లల వీడియోలు చూస్తోంది. హెయిర్ డ్రెస్సర్‌కి చెల్లెలు కావడం తప్ప ఆవిడకు ఆ పనికి వేరే అర్హత లేదు.

"పిట్టా, రెడీనా?" అన్నాడు డైరెక్టరు. తల మీద టోపీ తియ్యడు కాబట్టి అతన్ని అందరూ టోపీ అనే అంటారు. "మొదలుపెట్టు బంగారం!"

పిట్ట కళ్ళు మూసింది. తెరిచింది. సరిగ్గా దాని చూపు పడే చోట, కెమెరా పక్కన, మేనత్త నిలబడి పల్లీలు తింటోంది. చచ్చిపోయిన మనిషి తింటున్నట్టు కాదు. బుగ్గలు ఉబ్బించి, చప్పుడు చేస్తూ, పెదవి మీద అంటుకున్న పొట్టును తుఫ్ మని ఊదుతూ.

పిట్ట కిసుక్కున నవ్వింది.

"కట్! ఏమైందమ్మా?"

మళ్ళీ మొదలుపెట్టారు. మేనత్త ఈసారి తుమ్మింది. మూడోసారి ఏమీ చేయలేదు, ఊరికే కనుబొమలు ఎగరేసింది. పిట్ట నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. గోడ అట్టది కాబట్టి ఊగింది.

"సార్, ఎవరో కరకరా నములుతున్నారు, మొత్తం మైకులో పడుతోంది!" అని అరిచాడు సౌండు మనిషి.

టోపీ వెనక్కి తిరిగాడు. "ఎవరండీ మీరు?"

"చచ్చిపోయిన మేనత్తని" అంది అక్క. "నన్ను తలుచుకునే ఏడుస్తోందట. పిల్లకి ఇబ్బంది లేకుండా నేనే వచ్చి నిలబడ్డా."

లైటు పట్టుకున్న కుర్రాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. ఎవరో వెనక నుంచి "ఏడుపు పాప రా!" అన్నారు. తండ్రి మొహం మాడిపోయింది. పరుగున వచ్చి కూతురి రెక్క పట్టుకున్నాడు.

"నీ బతుకెలాగూ మట్టిగొట్టుకుపోయింది. దాని బతుకు కూడా పాడుచేస్తావా?"

"రెక్క వదలండి నాన్నా. చచ్చినదాన్ని లాగకూడదు."

టోపీకి టైము లేదు. గొడవ ఎవరిదైనా అతనికి అనవసరం. "పెద్దాయనా, ఈ మేనత్త పనికి రావడం లేదు. ఇంకెవర్నైనా పెట్టు, త్వరగా" అన్నాడు. బల్బు మాడిపోతే ఇంకోటి వెయ్యమన్నట్టు అన్నాడు.

తండ్రి రెక్క వదిలేశాడు. గబగబా వెళ్ళి పిట్ట ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తల నిమిరాడు. దాని గడ్డం పట్టుకుని మొహాన్ని మెల్లగా తమ్ముడి వైపు తిప్పాడు.

"అత్తని చూడకు తల్లీ. అదిగో నాన్న. నాన్న లిఫ్టు కింద పడి నలిగిపోయాడనుకో. ఇంక ఇంటికి రాడు. సరేనా?"

పిట్ట నాన్నను చూసింది.

తమ్ముడు ఎన్నో చూపులు చూశాడు, ఇలాంటిది ఎన్నడూ చూడలేదు. కన్న కూతురు, పది అడుగుల్లో, అతని మొహంలోకి చూస్తూ అతన్ని చంపుకుంటోంది. శ్రద్ధగా, పెదవి కొరుక్కుంటూ, లెక్క చేస్తున్నట్టు. మొదట కాళ్ళు చూసింది. తర్వాత చేతులు. తర్వాత దాని గొంతు దగ్గర ఏదో కదిలింది. ఇది ఎడమ కంట్లోంచి కావాలా, కుడి కంట్లోంచి కావాలా అని అడిగే ఏడుపు కాదు. కింది పెదవి వణికింది.

"ఆఁ, వస్తోంది, వస్తోంది... కెమెరా!" అని గుసగుసలాడాడు టోపీ. సంతోషంతో చేతులు రుద్దుకున్నాడు.

ఆ సంతోషమే తమ్ముడి ఒళ్ళు మండించింది. నేల మీది వైర్లు దాటాడు. కాలికి ఏదో స్టాండు తగిలి పడిపోయింది. నేరుగా వెళ్ళి అక్క పక్కన నిలబడ్డాడు. ఏం చేయాలో మాత్రం తెలియలేదు. నటన అతని వంశంలో ఇద్దరికే వచ్చు. చివరికి ఆగిపోయిన లిఫ్టు తిరిగి కదిలేటప్పుడు చేసే చప్పుడు నోటితో చేశాడు. పిట్టకు అన్నం తినిపించేటప్పుడు చేసే చప్పుడు అది. గర్ర్ర్... టక్... ఊయ్‌య్‌య్! మోకాళ్ళు వంచి, మెల్లగా పైకి లేచాడు. అక్క ఒక్క క్షణం తెల్లబోయి చూసి, తనూ మోకాళ్ళు వంచి పైకి లేచింది. పల్లీలు నేలపాలయ్యాయి.

పిట్ట నవ్వలేదు. పరుగెత్తుకొచ్చి నాన్న కాళ్ళకు చుట్టుకుని భోరున ఏడ్చింది. రెండు కళ్ళలోంచి, ముక్కులోంచి, గౌను ముందు భాగమంతా పాడయ్యేలా. అది కెమెరాకు వీపు పెట్టిన ఏడుపు. ఎవరికీ పనికి రాదు.

"గౌను! గౌను!" అని కాస్ట్యూమ్స్ ఆవిడ గుండెలు బాదుకుంది. మూలన కూర్చున్న సంక్షేమం ఆవిడ అప్పుడు తలెత్తి, "ఏమైంది?" అని అడిగింది.

పిట్టను తీసేశారు. తమ్ముడి భార్య చాలా రోజులు అతనితో ముక్తసరిగా మాట్లాడింది. తండ్రి అసలు మాట్లాడడమే మానేశాడు. అది ఒక రకంగా సుఖం. బస్సుల్లో కథకు ఇప్పుడు ఇంకో ముక్క చేరింది: కన్న పిల్లలిద్దరూ కలిసి ఆయన మనవరాలి బంగారు భవిష్యత్తును ఎలా తగలెట్టారో. వినేవాళ్ళు అయ్యో అంటారు.

నేర్పిన విద్య మాత్రం ఊరికే పోలేదు. పిట్ట ఉన్నట్టుండి ఆట మధ్యలో లేచి వచ్చి ఫోను చేయించమంటుంది. "అత్తా, ఉన్నావా?" అంటుంది. "ఉన్నా" అని వినబడగానే పెట్టేసి మళ్ళీ ఆటకు పోతుంది. తమ్ముడు పని నుంచి ఆలస్యంగా వస్తే, అతని మోకాళ్ళు తడిమి చూస్తుంది.

సీరియల్ ఆగలేదు. ఎందుకాగుతుంది? కొన్నాళ్ళకు ఆ ఆసుపత్రి వరండాయే, ఆ గాజు తలుపే, అలాంటి గౌనే. దాని ముందు ఇంకో పిల్ల. ఇంకా చిన్నది. చక్కగా ఏడుస్తోంది. ముందు ఒక కన్ను, తర్వాత రెండోది. బట్టల షాపులో టీవీ ముందు జనం నిలబడి కళ్ళొత్తుకుంటూ చూస్తున్నారని భార్య చెప్పింది.

మొన్న తమ్ముడు అక్కను కలిసినప్పుడు ఆమె మైదానంలో ఎవరో లావుపాటి ఆవిడకు కారు వెనక్కి తిప్పడం నేర్పుతోంది. కారు ఆపించి దిగి వచ్చింది. తమ్ముడు ఆ కొత్త పిల్ల గురించి చెప్పాడు. "ఏం లాభం అక్కా? మన పిల్లని తప్పించాం, ఇంకో పిల్ల దొరికింది వాళ్ళకి. అంత గోల చేసి మనం ఆపిందేముంది?"

అక్క కారు వైపు చూసింది. లోపల ఆవిడ అద్దంలో బొట్టు సర్దుకుంటోంది.

"ఆ పిల్ల ఎవర్ని చంపుకుని ఏడుస్తోందో కనుక్కోరా" అంది. "తల్లో, అన్నో, ఎవరో ఒకరు బతికే ఉంటారు కదా. వాళ్ళకి ఆ సంగతి తెలిసి ఉండదు. నువ్వు కనుక్కుని నాకు చెప్పు. వాళ్ళని తీసుకెళ్ళి దాని ఎదురుగా నిలబెట్టే పని నేను చూసుకుంటా."